దారంతో కట్టిన కొమ్మలు

ఉగాది ముందర ఎల్లేశ్ ద్రాక్షతోటల కొయ్యాల్సిన కొమ్మలన్నీ మిషనే కత్తిరించింది. కానీ రైతు కత్తిరిస్తుంటే ఫోన్ల చూసినంకనే పట్నపోళ్లు పండ్లు కొంటరు. అందుకే ఎల్లేశ్, పెండ్లాం బాలమణి కలిసి తెగిన కొమ్మలను దారంతో మళ్లీ తీగెలకు కట్టిన్రు.

"మొహం మీద జర నీళ్లు చల్లుకో. నిన్న ఫోన్ల చూసెటోళ్లు చెమట లేదని తిట్టిన్రు," అన్నది బాలమణి.

కెమెరా ముందర కత్తిరిస్తుంటే పక్కన మిషన్ కొయ్యకుండ ఉంచిన ఒక పచ్చికొమ్మ అడ్డంగ కనబడ్డది. చేతి అలవాటు ఊకుంటదా, ఎల్లేశ్ దాన్ని గూడ కోసిండు. 'ఈయనకు పని రాదు' అని మిషన్ అందరి ఫోన్లకు చెప్పింది.

పొద్దుగూకేసరికి పండ్లు కొనే కంపెనీ ఎల్లేశ్ వేషానికి ఒక నటుణ్ణి పంపింది.

"రేపటి నుంచి నేను ఎల్లేశ్. నువ్వు కొమ్మలు కట్టు కాకా," అన్నడు ఆ పిలగాడు. "కత్తెర ఇటియ్యి. ఆ లుంగీ గూడ."

ఎల్లేశ్ కత్తెర చేతికిచ్చి, లుంగీ మార్చుకొస్తనని ఇంట్లకు పోయిండు.