నల్లా చప్పుడు

"అక్కా, తలుపు తియ్యి. నా సన్నబడే ఇంజక్షన్ తీసుకున్నవా?" తోటికోడలు గ్లోరీ బాత్రూం తలుపు కొట్టింది.

లోపల కరుణ నల్లా ఇంకా పెద్దగా తిప్పి, మళ్లీ వాంతి చేసుకుంది. "నీ దాంతోని నాకేం పని? రాత్రి తిన్నది పడలే."

"అబద్ధమాడకు. నెలనెలా డాక్టరు జర్రంత జర్రంత పెంచిన మోతాదది. ఒక్కపారే అంత తీసుకుంటే తట్టుకుంటవా? ఒకలది ఇంకొకలు వాడనే వద్దు."

"చెప్తవులే! కేతేపల్లి పెండ్లిల అందరు నిన్నే మెచ్చుకున్నరు. నన్నెవలన్న జూసిర్రా?" కరుణ మూతి తుడుచుకుంది. "ఇంతకు నీకెట్ల తెలిసింది?"

"నల్లా చప్పుడుకు. మోతాదు పెంచినప్పుడల్లా నేను గూడ గట్లనే నల్లా ఇప్పి కక్కుకున్న."

ఆ చప్పుడు వినబడ్డప్పుడల్లా గ్లోరీ సోకులు చేసుకుంటున్నదనుకుని కరుణ పళ్లు కొరికేది.

"గిన్ని రోజులు నాకెందుకు చెప్పలే?"

గ్లోరీ తలుపుకు దగ్గరగా జరిగింది.

"నన్ను జూసి నువ్వు కుళ్లుకుంటుంటే మంచిగనిపించిందక్కా. తలుపు తియ్యి, దవాఖానకు పోదాం."

కరుణ ముందు నల్లా కట్టేసింది. తర్వాత గడియ తీసింది.