సరుగుడు కొమ్మ

తప్పు రోడ్డుదేనని ఊరంతా ఒక మాట మీద నిలబడింది. కామాక్షమ్మ ఒక్కతే నిలబడలేదు.

కోర్టు వరండాలో హజరత్తయ్య ఆమె పక్కన చేరి గొంతు తగ్గించాడు. చేపల వేలం తగాదా నుంచి మొగుడూపెళ్ళాల గొడవ దాకా ఊళ్ళో ఏదైనా తీర్చే పెద్దమనిషి ఆయన.

“గిరిబాబును జైల్లో పెట్టిస్తే ఉషారాణి లేచొస్తుందా కామాక్షమ్మా? పైపు పగిలింది, నీళ్ళు నిలిచినాయి, కారు జారింది. ఆ మాట చెప్పు, చాలు.”

“రోడ్డు ఎనభై స్పీడులో వచ్చిందా అన్నా?”

“వాడు లోపలికి పోతే, రేపు నువ్వు మంచాన పడితే గుక్కెడు నీళ్ళిచ్చేదెవురు?”

“ఇచ్చే పిల్లను చంపేసినాడు గదా,” అంది ఆమె.

హజరత్తయ్య తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. పోలీసుల తరఫున సాక్షి ఆమె ఒక్కతే. ఆమె మాట మారిస్తే కేసు అక్కడితో సరి. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

మున్సిపాలిటీ పతివ్రత అని ఎవరూ అనరు. కొత్తతిప్ప బయట ఉప్పుకాలువ వంపులో మంచినీళ్ళ పైపు పగిలి, కారు జారేనాటికే మూడు నెలలైంది. నీళ్ళు పారి పారి తారురోడ్డుకు పాచి పట్టింది. ఆ వంపు పక్కనే గంప దించుకుని చేపలమ్మే కామాక్షమ్మ, ఇంజినీరు పద్మనాభయ్యకు ఐదుసార్లు చెప్పింది. ఆరోసారి చెప్పలేదు, చేపలు కడిగిన నీళ్ళు ఆయన జీపు మీద కుమ్మరించింది. జీపు కడిగించుకున్నాడే గానీ పైపు బాగు చేయించలేదు. ఆయన సంగతి తర్వాత చూద్దామని ఆమె పక్కన పెట్టింది. ముందు గిరిబాబు.

గిరిబాబు ఉషారాణి మొగుడు. చెన్నైలో టాక్సీ నడుపుతాడు. ఎప్పుడో ఒక ఆదివారం వచ్చి పోతాడు. ఉషారాణి కామాక్షమ్మ దగ్గరే ఉండేది. ఎండ ముదిరితే గొడుగు పట్టుకుని వంపు దాకా ఎదురొచ్చేది. గంప మోసి మోసి పట్టేసిన మెడకు నూనె రాసేది. ఇద్దరూ ఒకే కంచంలో తినేవాళ్ళు.

ఆ ఆదివారం సాయంత్రం, నెల్లూరులో సినిమాకని గిరిబాబు ఆమెను కారెక్కించుకున్నాడు. ఐదు నిమిషాలు కాకముందే వంపులో కారు జారి కల్వర్టు గోడను గుద్దుకుంది. ఉషారాణి కూర్చున్న వైపు డోరు లోపలికి నొక్కుకుపోయింది.

గంప వదిలేసి పరుగెత్తింది కామాక్షమ్మ. పిల్ల రేకుల మధ్య ఇరుక్కుని మూలుగుతోంది. గిరిబాబుకు మోచేతి మీద గీత తప్ప దెబ్బ లేదు. రోడ్డు మధ్యలో నిలబడి ఫోనుతో నీళ్ళను ఫొటోలు తీస్తున్నాడు. అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి. నాలుగు తీశాకే 108కి ఫోన్ చేశాడు. అంబులెన్స్ వచ్చేసరికి పిల్ల మూలగడం ఆపేసింది.

ఆ నాలుగు ఫొటోలు కామాక్షమ్మ గొంతులో చేపముల్లులా దిగిపోయాయి. కారు జారినందుకు క్షమించేదేమో. ఫొటోలకు మాత్రం క్షమించలేదు. ఇంతవరకు ఏడవలేదు కూడా. ఏడిస్తే కసి చల్లారిపోతుందని ఆమె భయం.

కోర్టులో ఆ ఫొటోలే గిరిబాబుకు అండ. లాయరు వాటిని పెద్దవి చేయించి తెచ్చాడు. గిరిబాబు గడ్డం పెంచుకుని, తల వంచుకుని బోనులో నిలబడ్డాడు. చూడకూడదనుకుంటూనే చూసింది కామాక్షమ్మ. చిక్కిపోయాడనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

“పైపు పగిలాక నా క్లయింటు ఆ దారిన రావడం అదే మొదటిసారి,” అన్నాడు లాయరు. “అంతకుముందు ఊళ్ళోకి అవతలి దారినే వచ్చేవాడు. వంపులో నీళ్ళున్నాయని అతనికి తెలియదు. తెలిసుంటే నెమ్మదిగా పోయేవాడు. బోర్డు పెట్టి చెప్పాల్సింది మున్సిపాలిటీ.”

“ఆడలేక మద్దెల ఓడన్నాడంట,” అంది కామాక్షమ్మ.

అడిగినదానికే జవాబు చెప్పమన్నారు జడ్జి గారు.

లాయరు మూడో ఫొటో ఆమె ముందు పెట్టాడు. నీళ్ళ అంచున విరిగిపడిన సరుగుడు కొమ్మ. దాని కొసకు ఎర్రగుడ్డ పేలిక.

“జనం జారిపడకుండా గుర్తుగా పాతిన కొమ్మ ఇది. అవునా?”

“అవును సార్.”

“మున్సిపాలిటీ వాళ్ళు పాతలేదు కదా?”

“వాళ్ళకంత తీరికెక్కడిది సార్.”

కోర్టు హాల్లో ఎవరో నవ్వారు. లాయరు కూడా నవ్వాడు. తనకు కావలసిన జవాబు సగం వచ్చేసింది. మిగతా సగం కూడా ఆమె నోటితోనే చెప్పిద్దామనుకున్నాడు.

“అంటే మున్సిపాలిటీ చెయ్యాల్సిన పని ఊళ్ళోవాళ్ళే చేసుకున్నారన్నమాట. పాతింది ఎవరో నువ్వు చూశావా?”

గిరిబాబు చటుక్కున తలెత్తాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

కామాక్షమ్మ చూపు తిప్పుకుని ఫొటోలోని ఎర్రగుడ్డ మీద వేలు పెట్టింది. హజరత్తయ్య ఆశగా ముందుకు వంగాడు. ఆమె చెవుల్లో మాత్రం రేకుల మధ్య నుంచి ఆ పిల్ల మూలుగు వినిపిస్తూనే ఉంది.

“చూసినా సార్. ఆ ఆదివారం పొద్దున్నే, గంప ఎత్తుకుని నేనక్కడ జారి పడతానని, నా పాత ఎర్రచీర చించి కట్టి ఆ కొమ్మ పాతింది అదుగో ఆ బోనులో ఉన్నోడే, నా కడుపున పుట్టిన కొడుకు.”