ఇంకో అర నిమిషం

"ఇరవై నాలుగు" అంది జెన్నిఫర్, చేతిలో ఫోను ఆపి. "రెట్టిస్తే నలభై ఎనిమిది."

తొమ్మిది నెలల జాయ్ చొక్కా లేకుండా తల్లి ఒళ్లో పడుకుని ఉంది. రెండు రోజులుగా దగ్గు. ఒళ్లు కాలుతోంది.

"ఏటి దీదీ, పరవాలేదా?" అంది తల్లి సూసన్న.

"ఏడాదిలోపు పిల్లలకి నిమిషానికి యాభైకి చేరితేనే న్యుమోనియా అని అనుమానం. ఇది ఉత్తి జలుబు."

రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఆ ఉదయం జెన్నిఫర్‌కి అది పదకొండో ఇల్లు. ఆరోగ్య కార్యకర్తగా చేరి నెలయింది. ఎక్స్‌రేలూ రక్తపరీక్షలూ ఈ సందులోకి రావు. పిల్లల ఊపిరి లెక్కపెట్టడమే ఇక్కడ పరీక్ష. అర నిమిషం లెక్కపెట్టి రెట్టించడం ఆమె సొంతంగా కనిపెట్టుకున్న సుళువు.

రిజిస్టరు తెరిచి 'జలుబు' అని రాసింది.

"ఇంకో అర నిమిషం ఉందమ్మా."

గుమ్మం పక్కన పీట మీద ఒక ముసలావిడ. ఇంటి అమ్మమ్మ అనుకుంది జెన్నిఫర్. ప్రతి ఇంట్లో ఒక అమ్మమ్మ ఉంటుంది, ప్రతి అమ్మమ్మ దగ్గరా ఒక వైద్యం ఉంటుంది.

"ఏంటి మామ్మా?"

"నిమిషంలో రెండు అరలున్నాయి కదా. నువ్వు ఒకటే సూసినావు."

"రెండోది కూడా అంతే ఉంటుంది."

"పిల్ల ఊపిరి ప్యాసింజరు బండమ్మా. ఒకచోట నిలబడతాది, ఒకచోట పరిగెడతాది. సగం దూరం సూసి మొత్తం టైము రాసేత్తావా?"

సూసన్న నవ్వు ఆపుకుంది. అది జెన్నిఫర్ కంట పడింది.

"డాక్టరు చదువు ఎక్కడ చదివినారు మామ్మా?"

"సదువు కాదమ్మా."

"మరేంటి?"

ముసలావిడ ముందుకి వంగింది. చూపు జాయ్ పొట్ట మీదే ఉంది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది.

జెన్నిఫర్‌కి ఒళ్లు మండింది. తప్పు చేశానేమోనన్న భయం ఆమెలో ఎప్పుడూ కోపంగానే బయటికి వస్తుంది.

"మీరు బయటికి వెళ్లండి. మీ గొణుగుడుకి పిల్ల బెదురుతోంది."

పిల్ల బెదరడం లేదని ఆమెకు తెలుసు.

"అమ్మా, ఉండు" అంది సూసన్న.

"ఎల్తానులే. దీదీ, ఒక్క మాట. నిమిషం పూర్తిగా సూడు."

చెప్పులు వేసుకుని సందు దాటి వెళ్లిపోయింది.

ఆవిడదే తప్పని తేల్చడానికి జెన్నిఫర్ మళ్లీ ఫోను నొక్కింది.

అర నిమిషానికి ఇరవై నాలుగు. "చూశారా?" అనబోయింది.

అప్పుడు పొట్ట వేగం పెరిగింది.

నలభై. నలభై అయిదు. యాభై వచ్చేసరికి ఇంకా నాలుగు సెకన్లు మిగిలే ఉన్నాయి.

యాభై మూడు.

రిజిస్టరులో 'జలుబు' కొట్టేసింది.

"పిల్లని ఎత్తుకోండి, టోటో రిక్షా పిలుస్తాను" అంది.

ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ జాయ్ ఛాతీ విని, అప్పటికప్పుడే యాంటీబయాటిక్ మొదలుపెట్టింది.

"ఇవాళే తెచ్చారు, మంచిది. ఎల్లుండి తెచ్చి ఉంటే నేను ఏ మాటా ఇవ్వలేకపోయేదాన్ని" అంది.

మూడో రోజు జెన్నిఫర్ మళ్లీ వచ్చింది. జాయ్ గిన్నెతో నేలని బాదుతోంది. ఒళ్లు చల్లబడింది. పిల్లని కుదురుగా పడుకోబెట్టి, నిమిషం పూర్తిగా లెక్కపెట్టింది.

ముప్పై ఆరు.

"మీ అమ్మగారేరి? క్షమాపణ చెప్పుకోవాలి."

"మా అమ్మ భీమిలిలో ఉంది దీదీ. ఆవిడ దాలమ్మ. తాల్‌బగీచా పేటలో ఉంటాది."

"మీకు చుట్టమా?"

"కాదు."

"ఒకసారి పిలిపించండి."

"నిన్న కబురెట్టినాను. ఈ వీధికి ఇంక రానంది. కొత్త దీదీ నిమిషం పూర్తిగా సూత్తాది, ఇంక నాతో పనేటి అంది."

జెన్నిఫర్ రిజిస్టరులో 'ముప్పై ఆరు' అని రాసింది.

"పెద్దాసుపత్రిలో నర్సుగా చేశారా?"

"లేదు. మా ఇళ్ల లైనులో ఏ పిల్ల దగ్గినా ఆవిడనే పిలుత్తారు. అందరికన్నా ముందు పిలిచింది నానే. ఆవిడ లెక్క తప్పదు దీదీ."

"అంత నమ్మకం మీకెలా కుదిరింది?"

సూసన్న జాయ్‌కి చొక్కా తొడిగి, ఒక్కొక్క గుండీ పెట్టింది.

"ఆరేళ్ల కిందట మీ ఉద్యోగం ఆవిడదే. పోయిన నా పెద్దోడి ఊపిరి అర నిమిషం లెక్కెట్టి, రెట్టించి, జలుబని రాసింది ఆవిడే దీదీ."