అన్నీ టీ కొట్లే

వరదకు పాడుబడ్డ అడవి బజారును మళ్లీ నిలబెట్టాలని జంతువులు అనుకున్నాయి. ముందుగా కోతి టీ కొట్టు పెట్టింది. బేరం బాగా సాగింది. ఇంకేముంది, నక్కా టీ కొట్టే పెట్టింది, ఎలుగుబంటీ టీ కొట్టే పెట్టింది. ఆఖరికి గిట్టలకు నాడాలు కొట్టే వడ్రంగిపిట్ట కూడా సుత్తి అవతల పారేసి పొయ్యి ముట్టించింది.

ఒకరోజు గాడిద కుంటుకుంటూ దాని దగ్గరికి వచ్చింది. "నాడా ఊడిపోయింది పిట్టమ్మా, కాస్త కొట్టిపెట్టు."

"ఆ పని మానేశా. అల్లం టీ ఇవ్వనా?" అంది పిట్ట.

"టీ తీసుకెళ్లి కాలికి కట్టుకోనా? బజారంతా తిరిగాను, ఎవర్నడిగినా టీయే!" అని విసుక్కుంటూ గాడిద ఏరు దాటి అవతలి బజారుకు పోయింది.

సాయంత్రం కొత్త నాడాతో టకటకమంటూ తిరిగొచ్చింది. ఈగలు తోలుకుంటున్న కొట్లవాళ్లంతా దాన్ని చుట్టుముట్టారు.

"మన బజారు బాగుపడడం నీకిష్టం లేదా? ఒక్క టీ అయినా తాగవేం?" అని కోతి నిలదీసింది.

"తాగాను మామా," అంది గాడిద. "నాడా కొట్టేదాకా ఊరికే నిలబడలేక, అక్కడే రెండు తాగాను."