సగం గొడుగు

"దాని మీద సూది పెట్టావంటే నా ఒంటి మీద పెట్టినట్టే!"

అత్తగారు బీరువాకు అడ్డంగా నిలబడింది. లోపల ఆవిడ కొడుకు తెల్ల చొక్కాలు ఏడు హ్యాంగర్లకు వేలాడుతున్నాయి. తొడుక్కునే మనిషి పోయి ఏడాది దాటింది. అయినా నెలకోసారి వాటిని ఉతికి, ఇస్త్రీకి పంపి, మళ్ళీ ఇక్కడే తగిలించడం ఆవిడ మానలేదు.

"ఒక్కటే అత్తయ్యా" అంది కోడలు. "రంగు వేసి నేను తొడుక్కుంటాను. ఇలా బీరువాలో ఉంటే పసుపుపచ్చబడటం తప్ప ఏముంది?"

"మీ బడిలో పిల్లల చొక్కాలన్నీ పాడు చేశావుగా, అవి చాల్లేదా?"

"పాడు చేయడం కాదు. బొమ్మ గీసిన చోట కుట్టు వేసి, దారం బిగించి, రంగులో ముంచుతాం. బిగిసిన చోటికి రంగు వెళ్ళదు. బొమ్మ తెల్లగా నిలుస్తుంది."

"వాడి చొక్కా వాడు వదిలినట్టే ఉండాలి."

"అయితే ఈ చొక్కాలతో మీరొక్కరే కాపురం చేయండి" అనేసి కోడలు నాలుక కరుచుకుంది.

అత్తగారు బీరువా వైపు తిరిగి ఒక్కో హ్యాంగరూ జరపసాగింది.

"ఇది మొదటిరోజు ఉద్యోగానికి వేసుకెళ్ళింది. ఇది నిన్ను మొదటిసారి ఇంటికి తీసుకొచ్చిన నాటిది. దీని మీద కాఫీ ఒలకబోసింది నువ్వే, మరక ఇంకా పోలేదు చూడు."

చివరి చొక్కా దగ్గర చెయ్యి ఆగింది. ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది.

"దీన్ని చూస్తే నాకేమీ గుర్తు రావడం లేదమ్మాయ్" అంది, తప్పు చేసినదానిలా. "మతిమరుపు ఇంతదాకా వచ్చింది. సరే, ఇది తీసుకో. కుట్టు మాత్రం నేనే వేస్తాను."

వంటగది బల్ల మీద కోడలు చొక్కా పరిచి, వీపు భాగాన్ని నిలువుగా సగానికి మడిచింది.

"మడత మీద సగం బొమ్మ కుడితే చాలు, విప్పాక రెండో సగం దానంతటదే వస్తుంది. ఏం గీయను?"

"గొడుగు" అంది అత్తగారు తడుముకోకుండా. "వానొచ్చేలా ఉందిరా అని మొత్తుకున్నా మరిచిపోయి వెళ్ళేవాడు. ఇక మరిచిపోవడానికి లేకుండా వీపునే ఉండనీ."

కోడలు పెన్సిలుతో సగం గొడుగు గీసింది. అత్తగారు చీమల బారులా సన్నటి కుట్లు వేసుకుంటూ పోయి, చివర మూడు చుట్లు తిప్పి గట్టి ముడి వేసింది.

"అలా కాదత్తయ్యా! కుట్లు ఎడంగా పడాలి. చివర దారం వదలాలి, లాగి బిగించడానికి. మీరు కుట్టినట్టు కుడితే అది కదలనే కదలదు."

"తాతకు దగ్గులు నేర్పకు. ముప్పై ఏళ్ళు బడి యూనిఫారాలు కుట్టాను. నా కుట్టు ఊడిందన్న మాట ఏ తల్లీ అనలేదు."

"ఇది ఊడాల్సిన కుట్టు."

అత్తగారు కత్తెర తీసుకుని తన ముడి తానే తెంపింది.

రెండోసారి కుట్లు ఎడంగా పడ్డాయి. ఇద్దరూ చెరో కొసా పట్టి లాగితే, వీపంతా ముడుచుకుని గుప్పెడు గుడ్డ అయింది. కొసలు ముడివేసి, వేడినీళ్ళలో నీలం రంగు పొడీ ఉప్పూ కలిపి ముంచారు.

"తీసేయొచ్చా?"

"ఇంకా కాదు."

"ఇప్పుడో?"

"మీరు కాసేపు హాల్లో కూర్చుంటే అదే అవుతుంది."

"నా కొడుకు చొక్కా మునిగితే నేను హాల్లో కూర్చోవాలా?" అంటూ అత్తగారు బకెట్ పక్కనే పీట వేసుకుంది.

మధ్యాహ్నం చొక్కాను కడిగి పిండి, కోడలు గుడ్డ తెగకుండా ఒక్కో దారమూ కత్తిరించి మడత విప్పింది. ముదురు నీలంలో అంచులు చెదిరిన తెల్ల గొడుగు.

"వంకర వచ్చింది" అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ. "వాడూ వంకరగానే పట్టేవాడులే, పట్టిన రోజున."

ఇద్దరూ నవ్వారు. ఏడాదిగా ఆ వంటగది ఎరగని చప్పుడది.

చొక్కా ఆరగానే కోడలు తొడుక్కుంది. చేతులు వేళ్ళను దాటిపోయాయి. "ఉండు, వాడు ఇలా మడిచేవాడు" అని అత్తగారు రెండో చెయ్యి మడుస్తుండగా తలుపు చప్పుడైంది.

పై అంతస్తు ఆయన. చేతిలో మడతపెట్టిన తెల్ల చొక్కా ఉంది.

"పోయిన వారం ఇస్త్రీ కొట్టులో మారిపోయినట్టుందమ్మా. తొడుక్కుంటే భుజాలు పట్టేస్తున్నాయి. తీరా చూస్తే కాలరు లోపల మీ ఇంటి నంబరు ఉంది. నాది మీకు వచ్చిందేమో, కాస్త చూస్తారా?"

కోడలికి ఒంటి మీది చొక్కా బరువెక్కింది. క్షమించమని అడగబోయింది.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ఆ తెల్ల చొక్కా అందుకుంది. కాలరు తిప్పి నంబరు చదివింది. జేబు అంచున ఎప్పుడో తాను వేసిన రఫూ కుట్ల మీద ఆవిడ బొటనవేలు ఆగిపోయింది. ఇక దాన్ని గుండెకు హత్తుకుంటుందనే అనుకుంది కోడలు.

ఆవిడ దాన్ని పాత మడతల మీదే మడిచి ఆయన చేతుల్లో పెట్టింది.

"ఆ ఇస్త్రీవాడెవడో నంబరు తప్పు వేశాడు బాబూ, ఇది మీదే. కావాలంటే భుజాలు నేను వదులు చేసి పెడతాను. మా వాడిది అదిగో, మా కోడలు వేసుకుంది."