యూగ్లీనా ఎవరిది?

"యూగ్లీనా మాదే సార్!" బోటనీ లెక్చరర్ కృష్ణమూర్తి ప్రిన్సిపాల్ బల్ల మీద గుద్దాడు. "పచ్చగా ఉండాది. ఎండ తగిల్తే సాలు, తన కూడు తానే వండుకుంటాది. మొక్క కాకపోతే ఇంకేంది?"

"వండుకుంటా ఒకచోట కూసోదు సార్, నీళ్ళల్లో ఈదతాది," అంది జువాలజీ లెక్చరర్ వహీదున్నీసా. "తోక కూడా ఉండాది. తోకూపుకుంటా ఈదే మొక్కను ఈయన యాడన్నా సూపిస్తే ఈ పొద్దే రాజీనామా ఇస్తాను."

చిత్తూరులోని ఆ ప్రైవేటు జూనియర్ కాలేజీలో, కంటికి కూడా ఆనని ఏకకణ జీవి కోసం ఇద్దరు లెక్చరర్లు ఇలా పోట్లాడుకోవడానికి కారణం ఉంది. పీరియడ్లు తక్కువైన వాళ్ళను కార్వేటినగరం బ్రాంచికి పంపుతామని యాజమాన్యం తేల్చి చెప్పింది. కృష్ణమూర్తికి పెళ్ళయి నెల కాలేదు. వహీదున్నీసా పాలు తాగే బిడ్డను తల్లి దగ్గర వదిలి కాలేజీకి వస్తోంది.

ప్రిన్సిపాల్ కుప్పుస్వామి లెక్కల మనిషి. "సగం సగం పంచుకోండప్పా. పచ్చదనం నీకు, తోక ఆమెకు."

"ఉండేదే ఒక కణం సార్, కోస్తే సస్తాది!" అన్నారిద్దరూ ఒకేసారి. ఆ సంవత్సరం వాళ్ళు ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

కుప్పుస్వామి విసుగ్గా కొత్త సిలబస్ పుస్తకం తెరిచి, ఒక పేజీ దగ్గర ఆగాడు. "ఇంక కొట్లాడుకోబళ్ళేదు. జీవులంటే మొక్కలు, జంతువులు అని రెండే కాదంట ఇప్పుడు, అయిదంట. యూగ్లీనా నీదీ కాదు, ఆమెదీ కాదు. ప్రొటిస్టా అని యేరే పెట్టినారు."

కృష్ణమూర్తి మొహం పాలిపోయింది. "పోనీ, పుట్టగొడుగులన్నా నావే గదా సార్?"

"అవీ పోయినాయి. ఫంగై అంట."

"బాక్టీరియా?"

"మొనీరా."

వానాకాలమంతా బాక్టీరియాతోనూ బూజుతోనూ నెట్టుకొచ్చే మనిషి కుర్చీలో కూలబడ్డాడు. వహీదున్నీసా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నవ్వేది సాలుగానీ మేడమ్, నీ అమీబా కూడా ప్రొటిస్టాలోకే పోయింది," అన్నాడు కుప్పుస్వామి పుస్తకంలోంచి తలెత్తకుండా.

నవ్వు ఆగిపోయింది. "అయితే కార్వేటినగరానికి మాలో ఎవురు పోవాల సార్?"

"ఇద్దురికీ పీరియడ్లు తగ్గిపోయినాయి గదమ్మా. చెరో వారం పోండి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కృష్ణమూర్తే ముందు తేరుకున్నాడు. "అది సరే సార్, మా ఇద్దురివీ కానివన్నీ ఎవురు చెప్పాల?"

కుప్పుస్వామి కళ్ళద్దాలు పైకి నెట్టి, పాఠం పేరు ఇంకోసారి చదువుకున్నాడు. ఆ మొహంలో లెక్క తేలిన సంతోషం కనిపించింది. అటెండర్ కోసం గంట కొట్టాడు.

"ఇది మీ సబ్జెక్టే కాదప్పా. 'అయిదు రాజ్యాలు' అని ఇంతింత అక్షరాల్లో అచ్చేసినారు సూడు! ఒరే, ఆ హిస్టరీ పెంచలయ్యను పిలుసుకురా!"