పూర్తికాని ఎడమచెయ్యి

"ఆ చెయ్యి సరిగా కుదరలేదు" అన్నాడు ముసలాయన.

కోదండరామ్ అటూ ఇటూ చూశాడు. మంగళవారం పొద్దున గదిలో ఇంకెవరూ లేరు. అంటే ఆ మాట తనతోనే.

వాంకూవర్‌లోని ఆ చిన్న ఆర్ట్ గ్యాలరీలో అతను సెక్యూరిటీ గార్డు. ఖమ్మం నుంచి పై చదువుకి వచ్చి, చదువయ్యాక ఈ ఉద్యోగంలో నిలబడ్డాడు. నిజంగానే నిలబడ్డాడు, రోజుకి ఎనిమిది గంటలు, ఒకే బొమ్మ పక్కన.

బొమ్మలో ఒకావిడ కిటికీ దగ్గర కూర్చుని బఠాణీ కాయలు ఒలుస్తూ ఉంటుంది. కుడిచెయ్యి అచ్చం నిజంది లాగే ఉంటుంది. ఎడమచెయ్యి మాత్రం ఊరికే నాలుగు గీతలు. గీసింది విన్‌కోమ్ అనే పెద్ద చిత్రకారుడని పక్కన లేబుల్ ఉంది. ఇంగ్లండులో తాత దగ్గర్నుంచి మేనత్తల దాకా అందరూ కుంచె పట్టిన కుటుంబం. ఇది ఆయన ఆఖరి బొమ్మ.

"కుదరక కాదండీ" అన్నాడు కోదండరామ్. ఆ లేబుల్ అతనికి కంఠతా వచ్చు. "చూసేవాళ్ళు ఊహించుకోవాలని ఆయన కావాలనే వదిలేశారు. గొప్పవాళ్ళ పద్ధతి అదే."

ముసలాయన శ్రద్ధగా విన్నాడు.

"అవును. అలాగే రాశారు" అన్నాడు.

వానకి తడిసిన కోటు, భుజాన గుడ్డసంచీ. సముద్రానికి అవతలున్న ద్వీపం నుంచి ఫెర్రీలో, ఆ తర్వాత బస్సులో, మూడు గంటలు పట్టిందట.

"ఒక్క బొమ్మ కోసమా?"

"ఒక్క బొమ్మ కోసమే."

అది మొదలు ప్రతి మంగళవారం వచ్చేవాడు. కోదండరామ్ పేరు అడిగి, విరక్కుండా పలకడం నేర్చుకున్నాడు. అక్కడికి వచ్చేవాళ్ళలో గార్డుని పేరు పెట్టి పిలిచింది ఆయనొక్కడే.

"నీకు ఆవిడ మొహం ఎలా కనిపిస్తుంది?" అని అడిగాడొకసారి.

"కాస్త విసుగ్గా ఉన్నట్టుంది సార్."

ముసలాయన పకపకా నవ్వాడు. "గంటలకొద్దీ కదలకుండా కూర్చోమంటే ఎవరికి విసుగు రాదు!"

అంతా బాగానే ఉండేది. కానీ ఆ నెల ఎవరో పిల్లాడు వేరే బొమ్మ చట్రాన్ని తాకాడు. డ్యూటీలో ఉన్నది కోదండరామ్. ఇంకోసారి ఇలా జరిగితే యూనిఫాం విప్పి ఇచ్చెయ్యమని సూపర్‌వైజర్ తేల్చి చెప్పాడు. వర్క్ పర్మిట్ ఇంకా నాలుగు నెలలే ఉంది. ఈ ఉద్యోగం పోతే ఊరికి తిరుగు టిక్కెట్టే.

మరుసటి మంగళవారం ఒక స్కూలు నుంచి ముప్ఫై మంది పిల్లలు వచ్చారు. వాళ్ళని వరసలో పెట్టి కోదండరామ్ ఇటు తిరిగేసరికి ముసలాయన, చూసేవాళ్ళు దాటకూడదని నేలమీద గీసిన నల్లగీత దాటి ఉన్నాడు. చెయ్యి చాచి ఉంది. వేళ్ళు బొమ్మకి అంగుళం దూరంలో ఉన్నాయి.

"చెయ్యి వెనక్కి తియ్!"

గది గదంతా అటు తిరిగింది.

"ముట్టుకోలేదు" అన్నాడు ముసలాయన మెల్లగా. "ఇంకా ఎంత మిగిలిందో చూసుకుంటున్నానంతే."

తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది అనుకున్నాడు కోదండరామ్. సంచీ తెరవమన్నాడు. రొట్టెముక్క, ఫ్లాస్కు, సన్నని కుంచె ఒకటి.

"ఇదెందుకు తెచ్చారు?"

ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి. "అలవాటు."

కోదండరామ్ ఆ కుంచెని పిల్లలందరికీ కనపడేలా పైకెత్తాడు. "చూశారా? ఇలాంటి పనులు ఎప్పుడూ చెయ్యకూడదు."

తర్వాత ఆయన్ని పేరడిగి రిపోర్టులో పెద్దక్షరాలతో రాశాడు: రాల్ఫ్ మెర్డిన్. కింద ఇంకో వాక్యం చేర్చాడు: బొమ్మని పాడు చేసే ఉద్దేశంతో వచ్చినట్టుంది. అది నిజం కాదని రాస్తున్నప్పుడే తెలుసు. అలా రాస్తే తన ఉద్యోగం పదిలం.

ముసలాయన్ని ఏడాదిపాటు రానివ్వకూడదని పైవాళ్ళు నిర్ణయించారు.

గుమ్మం దగ్గర ఆయన ఆగాడు. "నీ పని నువ్వు చేశావు కోదండరామ్. ఆవిణ్ణి జాగ్రత్తగా చూసుకో" అని వానలోకి వెళ్ళిపోయాడు.

పర్మిట్ పొడిగించారు. ఉద్యోగం ఖాయమైంది. అయినా మంగళవారం వస్తే కళ్ళు గుమ్మం వైపు పోయేవి. ఆయన మళ్ళీ వస్తే ఏమని పలకరించాలో మనసులో సిద్ధం చేసుకునేవాడు.

ఎనిమిది నెలల తర్వాత, టిక్కెట్ల కౌంటర్‌లో ఉండే వాసవి పిలిచింది.

"కోదండం, నీ బొమ్మకి లేబుల్ మార్చారు, చూశావా?"

"లేదక్కా, ఎందుకు మార్చిన్రు?"

"అది గీసింది ఆ పెద్ద చిత్రకారుడు కాదంట. అసలు గీసినాయన బతికున్నన్నాళ్ళూ ఆ నిజం బయటపెట్టలేదంట. కిందటి నెల పోయాడంట పాపం. వాళ్ళ చెల్లెలు లండన్ నుంచి పాత ఉత్తరాలు పంపింది."

కోదండరామ్ వెళ్ళి లేబుల్ ముందు నిలబడ్డాడు.

చిత్రకారుడు: రాల్ఫ్ మెర్డిన్.

ఆ పేరు తను పెద్దక్షరాలతో రాసిందే. ఈసారి ఎర్రబడ్డవి కోదండరామ్ చెవులు. చూసేవాళ్ళు ఊహించుకోవాలని ఆయనకే పాఠం చెప్పాడు. ఆయన కుంచెనే ఎత్తి చూపించి పిల్లల ముందు దొంగని చేశాడు.

అయినా కళ్ళు లేబుల్‌లో కింది వాక్యాల మీదికి జారాయి. తండ్రి విన్‌కోమ్‌కి చూపు పోయిందట. ఇంటి పేరు నిలబెట్టడానికి పంతొమ్మిదేళ్ళ కొడుకు గీస్తే, తండ్రి సంతకం పెట్టాడట. ఆ తర్వాత ఆ కొడుకు తల్లి ఇంటిపేరు పెట్టుకుని, కెనడా వచ్చి, ద్వీపంలో పిల్లలకి బొమ్మలు నేర్పుతూ బతికాడట.

ఆఖరి వాక్యం ఒకటి మిగిలింది.

"ఇందులో కూర్చున్నది అతని తల్లి, ఎడమచెయ్యి పూర్తికాకముందే ఆమె కన్నుమూసింది."